వరుసకు అన్న ఇచ్చిన మగ్గాలు

పెద్ద పెద్ద రాజ్యాలు పెళ్ళిళ్ళతో కలిశాయని, పంపకాలతో విడిపోయాయని చరిత్ర పుస్తకాల్లో చదువుకున్నాం. ముంబై పక్కన భివండి మరమగ్గాల మధ్య బతుకుతున్న తెలుగువాళ్ళను కలిపి ఉంచిన శక్తి గురించి మాత్రం ఏ పుస్తకమూ రాయలేదు. ఆ శక్తి పేరు ఆడెపు సిద్ధిరాములు అలవాటు. ఎదురుపడ్డ ప్రతి మనిషినీ "మీ ఇంటిపేరేంది?" అని అడగడం, చాయ్ రెండో గుక్క గొంతు దిగేలోపు వరుస తేల్చేయడం.

ఇది ఊసుపోక చేసిన పని కాదు. దశాబ్దాల పాటు ఒక క్రమంలో సాగిన మహాకార్యం. మొదట పేటలోని తెలుగువాళ్ళు పూర్తయ్యారు. తరవాత రేషన్ దుకాణం మరాఠీ ఆయన బావ అయ్యాడు. ఎదురు షెడ్డులో అలహాబాదు నుంచి వచ్చి పనిచేస్తున్న ముసలాయన చిన్నాయన అయ్యాడు. భివండి రోడ్ స్టేషనులో రైళ్ళు తక్కువ కావడం కూడా ఈ కార్యానికి ఎంతో తోడ్పడింది. ఒక రైలు తప్పిపోయినవాడు ఇంకో రైలు ఎక్కేలోపు సిద్ధిరాములుకు కనీసం మేనల్లుడైనా అయి తీరేవాడు.

వరుస కలపడానికి పెట్టుబడి అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు, కరెంటు బిల్లు రాదు. అందువల్ల ఎవరికీ ఏ కీడూ జరగలేదు. ఆ అలవాటుకూ, భారతదేశపు ఆదాయపు పన్ను చట్టానికీ ఒకనాడు ముఖాముఖి తటస్థపడే దాకా.

సిద్ధిరాములు కరీంనగర్ వైపు నుంచి మీసాలు సరిగ్గా రాని వయసులో భివండికి వచ్చాడు. దిగిన మొదటి పూట మెస్సులో పక్క పీటమీద కూర్చున్న మనిషిని అలవాటు ప్రకారం ఇంటిపేరడిగాడు. ఆ మనిషి ముద్ద నోట్లో ఉండగానే "ఆడెపు" అన్నాడు.

"అయితే నువ్వు నాకు అన్నవైతవ్," అన్నాడు సిద్ధిరాములు.

"అయితే నా పప్పుల చెయ్యి పెట్టకు తమ్మీ," అన్నాడు ఆ మనిషి.

ఆ మనిషే మల్లేశం. ఇద్దరి ఊళ్ళ మధ్య ఒక వాగు, రెండు గుట్టలు ఉన్నాయి. ఇద్దరి తాతలకూ ముఖపరిచయం కూడా లేదు. ఇంటిపేరు ఒక్కటే చుట్టరికం. ఆ ఒక్క చుట్టరికం మీదే మల్లేశం అతనికి పని చూపించాడు, మగ్గం నేర్పాడు, టైఫాయిడ్ వస్తే గంజి తాగించాడు, గంగాబాయితో పెళ్ళి కుదిరితే అన్న హోదాలో పీటల పక్కన నిలబడి పురోహితుడితో తగువు పెట్టుకున్నాడు. కాలం గడిచి మల్లేశం ఎనిమిది మగ్గాలకు ఆసామి అయ్యాడు. సిద్ధిరాములు మగ్గాలు బాగుచేసే జాబర్ అయ్యాడు. వాళ్ళుండే టెంఘర్ పేటలో మొరాయించిన ప్రతి మగ్గం అతని చెయ్యి పడితే కదిలేది. ఊరి మగ్గాలన్నిటికీ వైద్యం చేసిన ఆ చేతికి సొంతంగా ఒక కుట్టు మిషను కూడా లేదు. సొంత మగ్గం అన్న మాట అతని ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కారు. మానిన పుండును గోకినట్టుంటుందని.

అలాంటిది, మల్లేశం మోకాళ్ళు అరిగిపోయి పని మానుకుందామనుకున్న ఏడు పాత ఇనుము కొనే ఒక భంగార్ వ్యాపారి వచ్చి మగ్గాలకు ధర అడిగాడు. ఆ సాయంత్రం మల్లేశం మొహం ఎర్రగా చేసుకుని సిద్ధిరాములు ఇంటికి వచ్చాడు.

"కిలోకు ఇంత అంటడు తమ్మీ. కిలోకు! ఉల్లిగడ్డలనుకున్నడా? నా బిడ్డ పెండ్లి చేసినయి గవి."

"నువ్వేమన్నవన్నా?"

"కాంటా మీద మొదలు నువ్వు కూసో, తర్వాత మగ్గాల సంగతి చూద్దామన్న. పోయిండు." కాసేపు ఆయాసం తీర్చుకున్నాడు. "నువ్వు తీస్కో."

"నా దగ్గర పైసలెక్కడియి?"

"పైసలెవలడిగిండ్రు? తమ్మునికిస్తున్న. నడిపినన్ని దినాలు నడుపు. నీతోని కాకుంటే నాకు చెప్పు, ఇంకో నేతోనికి ఇద్దాం. కిలోకు మాత్రం పెట్టకు."

గంగాబాయి చాయ్ పట్టుకొచ్చి, ఇద్దరు మగవాళ్ళు మాటల్లేకుండా గోడకేసి చూస్తూ కూర్చుని ఉండటం చూసి, ఎవరో పోయారనుకుంది.

కాయితం ఉండాలన్నది మల్లేశం కూతురు రూపాలి. ఊరికే ఇచ్చానంటే రేపు ఎవరైనా ఏమైనా అంటారని ఆమె భయం. అన్నదమ్ములిద్దరూ కోర్టు బయట మేజాలు వేసుకుని కూర్చునే ఒక రాతగాడి దగ్గరికి వెళ్ళారు. ఆయన స్టాంపు కాయితం తీసి, పైన "బక్షీస్ పత్ర" అని కొట్టాడు. దానపత్రాన్ని మరాఠీలో అట్లాగే అంటారు. కానీ సిద్ధిరాములుకు బక్షీసంటే హోటల్లో ప్లేటు తీసే కుర్రాడికి ఇచ్చేది. ఆ మాట చూసి కొంచెం నొచ్చుకున్నాడు. ఆ నొప్పిలో ఉండగానే రాతగాడు అసలు ప్రశ్న అడిగాడు.

"సఖ్ఖా భావూ కా?"

తోడబుట్టినవాడేనా అని దాని అర్థం. ఆ మాట సిద్ధిరాములుకు తెలియక కాదు. కానీ జీవితమంతా మగ్గాల మోత మధ్య నిలబడ్డ చెవులవి. వాటికి ఏ మాటైనా సగమే చేరుతుంది, మిగతా సగం మనసు పూరించుకుంటుంది. అతనికి వినబడింది "సక్క". సక్కటి మనిషేనా అని అడుగుతున్నాడనుకున్నాడు. ఇంత మంది జనంలో అన్న గుణం గురించి అడిగినందుకు పొంగిపోయాడు.

"సక్కటోడే సాబ్. ఒక్కనాడు అబద్ధమాడలే," అన్నాడు, గుండెమీద చెయ్యి వేసుకుని.

రాతగాడు సఖ్ఖా భావు అని కొట్టాడు. అదే రకం చెవులున్న మల్లేశం కళ్ళజోడు వెతుక్కుంటూ సంతకం చేశాడు. ప్రభుత్వ ముద్ర ఉన్న కాయితం మీద, ఇద్దరు మంచివాళ్ళు, ఇష్టపూర్వకంగా, నవ్వుతూ ఒక అబద్ధం చెప్పారు. ఇద్దరూ పక్కపక్కన నిలబడి నవ్వుకోవడం మళ్ళీ జరగలేదు.

మొదట్లో అంతా బాగానే ఉంది. సిద్ధిరాములు మగ్గాలకు కూడా వరుసలు పెట్టాడు. పొద్దున్నే ఎంత బతిమాలినా కదలనిది అత్త. మాటిమాటికీ దారం తెంపుకుని అలిగేది బామ్మర్ది. చప్పుడు లేకుండా నేసిపోయేది పెద్దమ్మ. గంగాబాయి కండెలు చుడుతూ, "మగ్గాలతోని మాట్లాడినంత మాతోని మాట్లాడితే బాగుండు," అనేది. వాళ్ళకు జీవితంలో దొరికిన వైభోగమంతా ఆ కొద్ది నెలలే.

వైభోగాన్ని ముగించినవాడు సాక్షాత్తూ వైభవ్, వాళ్ళ కొడుకు. ఊరి పక్కనున్న పూర్ణలో గోదాము పని. పెట్టెల మీది గీతల్ని మిషనుతో చదివించడం. మధ్యాహ్నం తిండివేళ ఫోనులో ఏదో ఒక జ్ఞానం సంపాదించడం అతని వ్యసనం. సగం జ్ఞానం దొరికేసరికి తిండివేళ అయిపోతుంది. మిగతా సగం ఏనాడూ దొరకదు.

ఒక సాయంత్రం చెప్పులు విప్పకుండానే అడిగాడు.

"బాపూ, మల్లేశం పెద్దబాపు నీకు సగా భాయియా, చులత్ భావా?" తోడబుట్టినవాడా, పెదనాన్న చిన్నాన్నల కొడుకా అని.

"ఏందిరా ఆ అడుగుడు? అన్న."

"గట్ల కాదు బాపూ. గిఫ్ట్ మీద టాక్స్ ఉంటది. పరాయోళ్ళు ఇస్తే, పచాస్ హజార్ దాటితే, పూరా దాని మీద పడ్తది. సొంత రిష్తేదార్ ఇస్తే మాఫ్."

"మరి మనకు మాఫే గదరా."

"రిష్తేదార్ అంటే ఎవలో సర్కారే లిస్ట్ ఇచ్చింది."

వరుసల మీద తనకు తప్ప ఇంకొకరికి అధికారం ఉంటుందని సిద్ధిరాములు అంతవరకూ ఊహించలేదు. పక్క షెడ్డు మగ్గాల మోతకు గోడమీది దేవుడి పటాలు వణుకుతున్న ఆ చిన్న గదిలో, ప్రభుత్వం ఒకవైపు, ఆడెపు సిద్ధిరాములు ఒకవైపు కూర్చుని, తెలుగు చుట్టరికం మీద విచారణ మొదలుపెట్టారు. ప్రభుత్వం తరఫున వైభవ్ ఫోను చూసి చదివాడు.

"పెండ్లాం."

"సరే."

"అన్నదమ్ములు, అక్కచెల్లెండ్లు. వాళ్ళ మొగుళ్ళు, పెండ్లాలు. అమ్మానాయినల తోబుట్టువులు. తాతలు, ముత్తాతలు. కొడుకులు, మనుమలు. పెండ్లాం దిక్కు తోబుట్టువులు, వాళ్ళ మొగుళ్ళు."

"తోడల్లుడు కూడ ఉన్నడా?" సిద్ధిరాములు నోరు తెరిచాడు. "వాడు నాకు ఒక్కనాడు చాయ్ తాపలేదు!"

"మా అక్క మొగుణ్ణి అనకు," అంది గంగాబాయి.

"అనుడు కాదే, సర్కారు వాణ్ణి నమ్మింది, గది చెప్తున్న. సరే, అన్న ఉన్నడు గద లిస్టుల."

"అన్న అంటే తోడబుట్టినోడు బాపూ. పెద్దబాపు కొడుకు, చిన్నబాపు కొడుకు కూడ లెక్కకు రారు. మల్లేశం పెద్దబాపు అయితే గవేవీ కాదు. ఒట్టి ఇంటిపేరు."

ఒట్టి ఇంటిపేరు. సిద్ధిరాములుకు ఆ మాట చెవిలో కాదు, ఇంకెక్కడో తగిలింది.

"ఇంకో తమాషా విను," అన్నాడు వైభవ్, ఉత్సాహం ఆపుకోలేక. "మేనమామ మేనల్లునికి ఇస్తే మాఫ్. మేనల్లుడు మేనమామకు ఇస్తే టాక్స్."

"గదేంది? పోయేటప్పుడు సుట్టము, వచ్చేటప్పుడు పరాయోడా?"

"కాయదా గట్లనే ఉన్నది."

"ఇంక ఏ తోవ లేదా?"

"ఉన్నది. నీ పెండ్లికి ఎవలిచ్చినా మాఫ్."

"చేసుకో మళ్ల," అంది గంగాబాయి. "నేనే వచ్చి అక్షింతలేస్త."

ఆ గదిలో అందరూ నవ్వారు. వైభవ్ నవ్వుతూనే వేలితో ఫోనును పైకి జరిపి తరవాతి వాక్యం చదివాడు.

"ఇంకొకటున్నది. ఇచ్చెటోడు సచ్చిపోతే... వీలునామా రాసి పోతే మాఫ్."

నవ్వు ఆగిపోయింది. పక్క షెడ్డులో మగ్గాలు మాత్రం ఆగలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. వైభవ్ ఆ స్టాంపు కాయితం తెమ్మన్నాడు. మరాఠీ బడిలో చదువుకున్న పిల్లవాడు. తండ్రి సగం విన్న మాట కొడుకు మొత్తం చదివాడు.

"బాపూ! ఇందుల సఖ్ఖా భావు అని రాసుకున్నరేంది?"

"సక్కటోడే గదరా."

"సక్కటోడు కాదు, సఖ్ఖా! ఒక్క తల్లి కడుపుల పుట్టినోడు. ఆధార్ల నీ బాపు పేరు వేరే, ఆయన బాపు పేరు వేరే. టాక్స్ ఎగ్గొట్టెతందుకు ఝూట్ రాసిండ్రనుకుంటరు. స్టాంప్ పేపర్ మీద."

"జేల్ ఉంటదా?" గంగాబాయి అడిగింది.

వైభవ్ నేర్చుకున్న సగంలో జైలు సంగతి లేదు. లేదని చెప్పకుండా, "ఎవ్వలికి చెప్పకుండ్రి," అన్నాడు. దానికన్నా ఉందని చెప్పినా కొంత నయం.

"మన తెలుగు పిల్ల, ఆ సీయే శ్రద్ధను అడుగుదమా?" అంది గంగాబాయి.

"పిస్సనే నీకు?" అన్నాడు సిద్ధిరాములు. "సర్కారు లెక్కలు రాసే పిల్ల సర్కారుకు చెప్పదా?"

ఆ మర్నాటి నుంచి భివండిలో ఒక విడ్డూరం కనబడింది. సిద్ధిరాములు ఎవరినీ ఇంటిపేరు అడగడం లేదు. చాయ్ దుకాణంలో కొత్తగా వచ్చిన జగిత్యాల మనిషి "ఏమన్నా, బాగున్నవా" అని తనంతట తానే పలకరిస్తే, సిద్ధిరాములు గ్లాసు సగంలో పెట్టేసి, "మనకేం వరుస లేదు," అని లేచిపోయాడు. దుకాణదారు అతను వెళ్ళిన వైపు చాలాసేపు చూశాడు. అన్న అనే ప్రతి పిలుపూ ఇప్పుడు అతనికి ఎవరో సాక్ష్యం చెబుతున్నట్టు వినిపిస్తోంది.

షెడ్డులో మగ్గాలు ఎప్పటిలాగే ఆడుతున్నాయి. కానీ అతనికి అవి తనవిలాగా లేవు, దొంగసొత్తును తలుపు తీసి ఊరికి చూపిస్తున్నట్టుంది. మోత బయటికి వినబడుతుందని తలుపు మూసేవాడు. మూస్తే ఉడుకు. తెరిస్తే భయం.

అప్పుడు కనబడ్డాడు ఆ మనిషి. ఇస్త్రీ చొక్కా, చంకలో నల్ల సంచి. షెడ్డు ఎదురుగా నిలబడి కరెంటు మీటరు చూశాడు, కిటికీలోంచి వంగి వేలితో మగ్గాలు లెక్కపెట్టాడు, ఎవరికో ఫోను చేశాడు. అత్తను బతిమాలుతున్న సిద్ధిరాములు పానా అక్కడే పారేసి కండెల బుట్టల వెనక కూర్చున్నాడు. ఇంకోరోజు మళ్ళీ వచ్చాడు. ఈసారి గంగాబాయిని అడిగాడట: "ఈ మగ్గాలెవరివి?"

"నువ్వేమన్నవే?"

"నాకేం తెల్వదన్న. మీ ఆయన పేరేందని అడిగిండు. అది కూడ తెల్వదన్న."

ఇక మిగిలింది ఒకటే దారి. చట్టం చూపిన దారి. సిద్ధిరాములు అరడజను అరటిపళ్ళు కొనుక్కుని, కూతురి ఇంట్లో ఉంటున్న మల్లేశం దగ్గరికి వెళ్ళాడు.

మల్లేశం మోకాళ్ళకు నూనె రాసుకుంటూ మంచం మీద ఉన్నాడు. "రా తమ్మీ, బామ్మర్ది ఎట్లున్నడు? ఇంక దారం తెంపుతున్నడా?"

"బాగనే ఉన్నడు. నీ పానమెట్లున్నది?"

"కాళ్ళే పోయినయి."

"గుండె?"

"గుండెకేమైంది? డాక్టర్ మొన్ననే చూసిండు. ఇంకో ఇరవై ఏండ్లకు ఢోకా లేదన్నడు."

"అవునా," అన్నాడు సిద్ధిరాములు. సంతోషం గొంతులోకి తేవాలని శాయశక్తులా ప్రయత్నించాడు. "దగ్గేమన్న వస్తున్నదా?"

మల్లేశం నూనె చెయ్యి ఆపాడు. "ఏంది తమ్మీ, ఎన్నడు లేంది. అరటిపండ్లు తెచ్చినవ్, గుండె అడిగినవ్, దగ్గు అడిగినవ్. యముడు నీతోనేమన్న చెప్పి పంపిండా?"

అక్కడే, ఆ క్షణంలో, ఉన్న మాట చెప్పేస్తే అయిపోయేది. కానీ చెప్పాలంటే మొదటి వాక్యం ఏమిటి? "నువ్వు నాకు అన్నవు కావట" అన్నదే మొదటి వాక్యం. ఆ వాక్యం అతని నోట్లో తిరిగి తిరిగి మళ్ళీ లోపలికే పోయింది. గంజి తాగించిన మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా అది బయటికి రాదు.

"ఊకెనే," అన్నాడు. "కలలకొచ్చినవ్."

"కలల గూడ పని చేయించుకున్ననా?" అని మల్లేశం నవ్వాడు. సిద్ధిరాములు నవ్వలేదు. తిరిగి వస్తూ దారిలో, తాను ఒక మంచి మనిషి చావు కోసం పళ్ళు పట్టుకుని వెళ్ళానని అతనికి అర్థమైంది.

షెడ్డు దగ్గరికి వచ్చేసరికి నల్ల సంచి మనిషి గడపలోనే ఉన్నాడు. పారిపోవడానికి దారి లేదు. సిద్ధిరాములు చేతులు రెండూ ముందుకు చాపాడు. దండం పెట్టడానికో, బేడీలు వేయించుకోవడానికో అతనికే తెలియదు.

"సాబ్, ఇన్కంటాక్సా?"

"అరే నహీ చాచా!" ఆ మనిషి పకపక నవ్వాడు. "భంగార్ కా దలాల్ హూఁ. మగ్గాలు అమ్ముతారా?"

వెంటాడుతున్నది పులి కాదు, తోడేలని తెలిస్తే దాన్ని కౌగలించుకునేవాళ్ళు ఉంటారు. ఆ క్షణంలో సిద్ధిరాములుకు ఈ లోకంలో ఆ దలాలంత ఆప్తుడు లేడు. పన్ను మగ్గాల రూపంలో కట్టించుకోరు, నగదే అడుగుతారని వైభవ్ చెప్పనే చెప్పాడు. అమ్మితే నగదు వస్తుంది. పైగా మగ్గాలే లేకపోతే, వాటిని ఎవరిచ్చారో, ఏ తల్లి కన్నవాడిచ్చాడో అడిగేవాడుండడు. భయపడ్డవాడి బుర్రకు తర్కం కత్తిలాగా పనిచేస్తుంది. పిడి ఎటువైపుందో మాత్రం చూసుకోదు.

"కిలోకెంత?" అన్నాడు సిద్ధిరాములు.

అన్న తరవాత ఆ మాట ఎవరు అన్నారా అని తలుపు వైపు చూశాడు.

సుత్తెలు పట్టుకుని నలుగురు వచ్చారు. మగ్గం నెయ్యడానికి ఎంత నేర్పు కావాలో విరగ్గొట్టడానికి అంత తీరిక కూడా అక్కర్లేదు. మొదట పెద్దమ్మ పోయింది, చప్పుడు లేకుండా. బామ్మర్ది రెండు దెబ్బలకే విడిపోయాడు. అత్త మాత్రం చాలాసేపు లొంగలేదు. "జంగ్ పట్టింది చాచా, ఎటు కొడితే ఊడుతుంది?" అని ఒకడు అడిగాడు. ఎక్కడ ఏ బోల్టు వదులు చేయాలో ప్రపంచంలో ఒక్కడికే తెలుసు. ఆ ఒక్కడూ పానా తీసుకుని వెళ్ళి వదులు చేసి ఇచ్చాడు.

కండెల బుట్ట చంకన పెట్టుకుని వచ్చిన గంగాబాయి ఖాళీ షెడ్డు చూసింది. "రోగం రాకముందే కాటికి మోసినవ్," అంది. ఇంకేమీ అనలేదు. నేలమీద నూనె మరకలు ఎనిమిది చోట్ల మిగిలాయి. బుట్ట ఎక్కడ దించాలో తెలియక ఆమె అట్లాగే నిలబడింది.

మల్లేశం ఆటోలో వచ్చాడు. ఎవరో చెప్పి ఉంటారు. భివండిలో మగ్గం మోత ఆగితే అంత దూరం వినబడుతుంది. కర్ర ఊతంతో షెడ్డులోకి వచ్చి, ఒక్కొక్క నూనె మరక దగ్గరా ఆగాడు. సిద్ధిరాములు అప్పుడు చెప్పాడు. కాయితం సంగతి, సఖ్ఖా సంగతి, ఫోనులో జాబితా, నల్ల సంచి, అన్నీ. ఎన్నడో చెప్పవలసిన మొదటి వాక్యాన్ని అన్నిటికన్నా చివర చెప్పాడు.

"సర్కారు లెక్కల నువ్వు నాకు అన్నవు కావట అన్నా."

మల్లేశం కర్ర ఇంకో చేతికి మార్చుకున్నాడు. తిడతాడనుకుని సిద్ధిరాములు తల వంచుకున్నాడు. కర్రతో కొడితే బాగుండుననుకున్నాడు.

"కిలోకే ఇచ్చిండ్రా?" అన్నాడు మల్లేశం.

ఇచ్చిండ్రా. మెస్సులో పప్పు దగ్గర కలిసిన నాటి నుంచి అతని నోట సిద్ధిరాములుకు "మీరు" అన్న మర్యాద దక్కడం అదే మొదలు.

"అన్నా..."

"సర్కారుకు తెలిసే ఉంటది సిద్ధిరాములుగారూ. జర జరుగుండ్రి, ఆటో ఆగి ఉన్నది."

సిద్ధిరాములు జరిగాడు. దారి ఇచ్చాక, ఇవ్వకుండా ఉండవలసిందని తోచింది.

ఇక చెయ్యగలిగింది పన్ను కట్టడమే. పోయింది పోగా కనీసం చట్టం ముందైనా తల ఎత్తుకోవాలని, భంగార్ డబ్బు తువ్వాలులో మూటగట్టి, స్టాంపు కాయితం జేబులో పెట్టుకుని, భయపడి వెళ్ళని ఆ గుమ్మానికే వెళ్ళాడు. శ్రద్ధ చిన్న ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని ఉంది. వాళ్ళ తాత కూడా నేతగాడే.

"రా కాకా, కూసో. ఏమైంది?"

అతను మూట బల్లమీద పెట్టి, కోర్టులో నేరం ఒప్పుకున్నవాడిలా నిలబడే అంతా చెప్పాడు. ఆమె మధ్యలో అడ్డురాలేదు. అయ్యాక అడిగింది.

"ఏడాదికి నీకు అన్నీ కలిపి ఎంత వస్తది కాకా?"

చెప్పాడు.

"గింత ఆదాయానికి మగ్గాల ధర కలిపినా కట్టే పన్నేం రాదు. మూట తీసి లోపల పెట్టుకో."

"మరి కాయితం మీద అబద్ధమున్నది గద బిడ్డా. తోడబుట్టినోడని."

"తప్పు పడ్డదని ఇంకో కాయితం రాయిస్తే అయిపోతది."

"మరి అన్న..." ఆ మాట దిద్దుకున్నాడు. "మల్లేశం లిస్టుల లేడు గద."

"అది సుట్టాల లిస్టు. వస్తువుల లిస్టు ఇంకొకటున్నది. వస్తువు అందుల ఉంటేనే ఇచ్చినోడు ఎవలని అడుగుతరు. లేకుంటే అన్న అయినా, పరాయోడైనా ఆ ముచ్చటే రాదు." ఆమె కంప్యూటరు తెర అతని వైపు తిప్పి చదివింది. రొక్కం. భూమి, ఇల్లు. షేర్లు. నగలు. వెండి బంగారు కడ్డీలు. పురాతన వస్తువులు. చిత్రపటాలు. శిల్పాలు. కళాఖండాలు. కంప్యూటర్లలో మాత్రమే ఉండే ఆ కొత్త రకం నాణేలు.

"మళ్లొకసారి సదువు బిడ్డా."

ఆమె మళ్ళీ మొదటి నుంచి, మెల్లగా, అతని చెవులకు వినబడేంత గట్టిగా చదివింది.

మగ్గం అందులో లేదు.